పాతాళానికి వెలుగు రాయి కావాలంటే

భూమి అడుగున బతికే జాతి గురించి కథ రాసేవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు వెలుగు. ఎక్కువమంది దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు వెళ్లిపోతారు. గుహ గోడల్లో మెరిసే రాళ్లున్నాయి, నగరమంతా ఆకుపచ్చగానో నీలంగానో వెలిగిపోతోంది, అంతే. చదివేవాళ్లం కూడా ఇంకేమీ అడగం. నాకు మాత్రం కథ మొత్తం పక్కన పెట్టి ఆ రాయి దగ్గరే కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. అది ఎందుకు వెలుగుతోంది? ఎంతకాలం వెలుగుతుంది? ఆరిపోతే ఎవరు ఏం చేస్తారు?

మనకు ఈ ఊహ కొత్తేమీ కాదు. భాగవతం పంచమ స్కంధంలో అతలం నుంచి పాతాళం దాకా ఏడు కింది లోకాల వర్ణన ఉంది. అక్కడికి ఎండ చేరదు. మహాసర్పాల పడగల మీది మణులే చీకటిని తరిమేస్తాయి. ఆ వర్ణనలో మణుల కంటే నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఇంకో మాట: అక్కడ రాత్రి, పగలు అనే కాలవిభాగం లేదు కాబట్టి కాలం వల్ల పుట్టే భయం కూడా లేదట. వెలుగు వచ్చే దారి మారితే మనుషులకు కాలమే మారిపోతుందని ఆ రాసినవారు ఎంత సూటిగా పట్టుకున్నారో చూడండి.

ఏ రాయీ వెలుగును ఊరికే ఇవ్వదు. ఎక్కడో తీసుకున్నదాన్నే తిరిగి ఇస్తుంది. ఎండ నుంచి తీసుకోవచ్చు, రాపిడి నుంచి తీసుకోవచ్చు, వేల ఏళ్లుగా కూడబెట్టుకున్నదాన్ని బయటికి తీయవచ్చు, లేదా తన లోపలి పరమాణువులు విరిగిపోతుంటే ఆ శక్తితో వెలగవచ్చు. ఈ బాకీ ఎవరు, ఎలా తీరుస్తున్నారో కథకుడు తేల్చుకుంటే ఆ జాతి కులాలు, పండగలు, భయాలు సగం వాటంతటవే తయారవుతాయి.

అసలు రాయే ఎందుకు, దీపం చాలదా అని ఎవరైనా అడగవచ్చు. నిజంగా భూమి కింద పనిచేసిన మనుషుల చరిత్ర చూస్తే జవాబు దొరుకుతుంది. బొగ్గుగనుల్లో మీథేన్ వాయువు పేరుకుపోయేది. నిప్పు తగిలితే గని మొత్తం పేలేది. 1812 మే 25న ఈశాన్య ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడులో 92 మంది చనిపోయారు. వాళ్లలో చిన్న పిల్లలు కూడా ఉన్నారు. దీపం వెలిగించలేని చోట అప్పటి కార్మికులు ఒక ఉక్కు చక్రాన్ని గిరగిరా తిప్పి, దానికి చెకుముకి రాయిని ఆనించి, రాలే నిప్పురవ్వల వెలుగులో పని చేసుకునేవారు. ఆ రవ్వలు కూడా ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. కుళ్లుతున్న చేప తోలు నుంచి వచ్చే మసక వెలుగును కూడా వాడి చూశారు. 1815లో హంఫ్రీ డేవీ, మంట చుట్టూ సన్నటి తీగ జాలీ పెట్టిన దీపాన్ని తయారుచేశాక పరిస్థితి కొంత మారింది. కానీ ఆ జాలీ వెలుగును కూడా మింగేసేది. తక్కువ వెలుగులో ఏళ్ల తరబడి పనిచేసిన గని కార్మికులకు కనుగుడ్లు వాటంతటవే అదిరే జబ్బు వచ్చేది. చల్లగా ఉండి, గాలిని తినకుండా, పొగ పెట్టకుండా వెలిగే రాయి ఒక్కటి దొరికితే చాలని వాళ్లు ఎన్నిసార్లు అనుకుని ఉంటారో.

ఇక రాయి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. స్ఫటికాన్ని ఒక ఇల్లు అనుకోండి. ఎలక్ట్రాన్లు మామూలుగా నేల మీదే ఉంటాయి. కాంతి వచ్చి తగిలితే ఒక ఎలక్ట్రాన్ అటక మీదికి ఎక్కుతుంది. మళ్లీ కిందికి దూకినప్పుడు, ఎక్కేటప్పుడు తీసుకున్న శక్తిలో కొంత వేడిగా పోయి, మిగిలినది కాంతిగా బయటికి వస్తుంది. అందుకే వచ్చే వెలుగు సాధారణంగా పోసిన వెలుగు కంటే తక్కువ శక్తి గలదై ఉంటుంది. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పోస్తే ఆకుపచ్చో ఎరుపో బయటికి వస్తుంది.

ఈ ఎక్కి దిగడానికి చాలా రాళ్లలో అవసరమయ్యేది మలినం. కాల్సైట్ అనే ఖనిజం శుద్ధంగా ఉంటే పెద్దగా వెలగదు. అందులో కొద్దిగా మాంగనీస్ చేరితే ఎర్రగా మండుతున్నట్టు కనిపిస్తుంది. అదే ఇనుము చేరితే వెలుగు చచ్చిపోతుంది. ఒకే కొండలో ఒక పొర మెరిసి పక్క పొర మొద్దుగా ఉండటానికి ఇదొక కారణం. మీ కథలోని గని మేస్త్రీలకు రాయిని చూడగానే ఇనుము వాసన పట్టగల పెద్దవాళ్లు ఉండాలి.

ఎలక్ట్రాన్ ఎక్కిన వెంటనే దూకేస్తే దాన్ని ఫ్లోరెసెన్స్ అంటారు. 1852లో జార్జ్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఫ్లోరైట్ ఖనిజం పేరు మీదుగా పెట్టిన మాట ఇది. ఫొటోల్లో మనం చూసే రంగురంగుల మెరిసే రాళ్లలో చాలా భాగం ఈ బాపతే. అమెరికాలోని న్యూజెర్సీలో ఫ్రాంక్లిన్ గనులు వీటికి పెట్టింది పేరు. విల్లెమైట్ పచ్చగా, దాని పక్కనే కాల్సైట్ ఎర్రగా, ఒకే రాతిలో రెండూ మెరుస్తాయి. కానీ అదంతా పైన అతినీలలోహిత దీపం వెలుగుతున్నంతసేపే. స్విచ్ ఆపేసిన మరుక్షణం మామూలు రాయి. చాలా కథలు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఎండ సోకని గుహలో ఫ్లోరెసెంట్ రాయి ఎంత ఉన్నా చీకటి చీకటిగానే ఉంటుంది. కాబట్టి దీన్ని పక్కన పెట్టేయవచ్చు.

మరి ఎలక్ట్రాన్ దూకబోయి మధ్యలో చూరులో ఇరుక్కుపోతే? గదిలో ఉండే మామూలు వేడి దాన్ని మెల్లగా కుదుపుతూ ఉంటుంది. ఒకటి ఇప్పుడు, ఇంకొకటి పది నిమిషాలకు, మరొకటి తెల్లవారుజామున, అలా ఒక్కొక్కటే జారి పడుతుంటాయి. పోసిన వెలుగు ఆగిపోయాక కూడా రాయి వెలుగుతూనే ఉంటుంది. ఇదే ఫాస్ఫోరెసెన్స్.

దీన్ని మనుషులు తొలిసారి గట్టిగా గమనించిన కథ ముచ్చటైనది. 1602 ప్రాంతంలో ఇటలీలోని బొలోన్యాలో విన్‌చెంజో కాషారోలో అనే చెప్పులు కుట్టే అతనికి రసవాదం పిచ్చి ఉండేది. పదెర్నో కొండ మీద దొరికిన బరువైన రాళ్లను బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు. కానీ ఎండ చూపించి చీకట్లో పెడితే ఆ రాళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. ఆ రాయి బెరైట్. కాల్చడంతో బేరియం సల్ఫైడ్‌గా మారింది. అందులోని రవ్వంత రాగి వల్ల ఆ వెలుగు వచ్చింది. అప్పటివాళ్లు దానికి పెట్టుకున్న పేర్లలో ఒకటి ‘సూర్యుడి స్పాంజి’. గెలీలియో దాకా వెళ్లింది ఆ రాయి. వెలుగు అంటే ఒక పదార్థం కాబోలు, రాయి దాన్ని నీళ్లలా పీల్చుకుంటోంది కాబోలు అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

ఇప్పుడు మన దగ్గర అంతకంటే ఎంతో మెరుగైనది ఉంది. 1993లో జపాన్‌లోని నెమోటో సంస్థలో యూరోపియం, డిస్ప్రోసియం అనే లోహాలను కొద్దిగా కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థం తయారైంది. అంతకుముందు వాడిన జింక్ సల్ఫైడ్ కంటే దాదాపు పది రెట్లు ప్రకాశంగా, రాత్రంతా ఆకుపచ్చగా వెలుగుతుంది. అత్యవసర ద్వారాల గుర్తుల్లో, గడియారం ముళ్ల మీద మీరు దాన్ని చూసే ఉంటారు.

ఈ రకం రాయిని పాతాళవాసుల చేతిలో పెడితే ఏమవుతుంది? ఎండ చూపించడం కష్టం కాదు. పగటి వెలుగులో కాసేపు ఉంచితే చాలు, నిండిపోతుంది. మబ్బు పట్టిన రోజైనా ఫరవాలేదు. కష్టమంతా మోతలో ఉంది. ఇలాంటి రాయి వెలుగు మొదటి కొన్ని నిమిషాల్లో గబగబా పడిపోతుంది, ఆ తర్వాత గంటల తరబడి నెమ్మదిగా సన్నగిల్లుతుంది. అంటే నేల ద్వారం దగ్గర ఉన్నవాళ్లకు మంచి వెలుగు, అరపూట నడిచి దిగాల్సిన అడుగు పేటలకు మిగిలిపోయిన మసక. ఎంత లోతులో ఉంటే అంత పేదరికం. ద్వారం ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్లది. రాళ్లు మోసేవాళ్లు ఒక్కరోజు పని మానేస్తే నగరం అడుగు నుంచి పైకి ఒక్కో అంతస్తే చీకటవుతూ వస్తుంది.

కాలం సంగతి కూడా ఈ రాయే చూసుకుంటుంది. 1962లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ సిఫ్ర్ గడియారం లేకుండా ఆల్ప్స్ పర్వతాల్లోని ఒక గుహలో రెండు నెలలు గడిపాడు. సెప్టెంబర్ 14న బయటికి వచ్చినప్పుడు అతని లెక్క ప్రకారం అది ఇంకా ఆగస్టు 20. ఎండ పొద్దు తెలియకపోతే మనిషికి రోజులు అలా జారిపోతాయి. సన్నగిల్లే రాయి ఉన్న జాతికి ఆ ఇబ్బంది లేదు. ‘రాళ్లు వచ్చే వేళ’ వాళ్లకు పొద్దున, పక్కవాడి ముఖం గుర్తుపట్టలేని వేళ రాత్రి. భాగవతంలోని మణుల లోకానికి ఇది పూర్తిగా తలకిందులు. అక్కడ కాలభయం లేదు, ఇక్కడ వెలుగే కాలాన్ని చూపిస్తూ కరిగిపోతుంటుంది.

రంగుల విషయంలో మాత్రం జాగ్రత్త. వెన్నెల్లో ఎర్ర పువ్వు నల్లగా కనిపించడం మీరు గమనించే ఉంటారు. మసక వెలుగులో మన కంట్లో పనిచేసే కణాలకు రంగు తెలియదు. అవి ఎరుపుకు దాదాపు గుడ్డివి, నీలం కలిసిన ఆకుపచ్చకు బాగా స్పందిస్తాయి. అవి పూర్తిగా మేలుకోవడానికి చీకట్లో అరగంట పడుతుంది. కాబట్టి ఆకుపచ్చ రాయి కింద బతికే జాతి ఎర్ర జెండా, నీలి జెండా అని తేడా చూపించుకోలేదు. వాళ్ల బట్టల గొప్ప నేతలో, మెరుపులో, తాకితే తెలిసే నునుపులో ఉంటుంది.

ఇంకో చిన్న విషయం ఎవరూ పట్టించుకోరు కానీ నాకు చాలా ఇష్టం. గుహలంటే తేమ. బేరియం సల్ఫైడ్‌కు తేమ తగిలితే పాడవుతుంది, కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. స్ట్రాన్షియం అల్యూమినేట్ కూడా నీటికి తట్టుకోదు, పైన పూత ఉండాల్సిందే. కాబట్టి ప్రతి రాయికీ మైనమో గాజో పూసే పనివాళ్లు ఉండాలి. పూత పగిలిన రాయి ఇంట్లో ఉంటే ముక్కు ముందు చెబుతుంది. ఆ భాషలో ‘వాళ్లింట్లో కంపు’ అంటే దరిద్రం అని అర్థం రాకుండా ఉంటుందా?

రాపిడి వెలుగు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే దాంతో నగరం నడవదు. కానీ దీన్ని ఎవరికి వాళ్లే చూడవచ్చు. ఒక రాత్రి నేను తలుపులూ కిటికీలూ మూసి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా పావుగంట కూర్చుని, రెండు తెల్లటి పలుగురాళ్లను ఒకదానితో ఒకటి గట్టిగా రుద్దాను. వెలుగు అంచున రాలుతుందని అనుకున్నాను. అలా కాదు, రాయి లోపలి నుంచి వచ్చింది. పాలలో దీపం పెట్టినట్టు రెండు రాళ్లూ ఒక్క క్షణం నారింజ రంగులో నిండి ఆరిపోయాయి. వేళ్లకు అంటిన పొడి నుంచి ఏదో కాలిన వాసన. నీళ్ల గిన్నెలో ముంచి రుద్దినా వెలిగాయి. అమెరికాలో కొలరాడో ప్రాంతపు యూట్ తెగవాళ్లు పలుచటి పచ్చితోలు గిలకల్లో పలుగురాళ్లు నింపి రాత్రి వేడుకల్లో ఆడించేవారని చెబుతారు. పాతాళవాసులకు ఇది సైగల భాషగా, దెయ్యాల్ని తోలే ఆటగా బాగా పనికొస్తుంది.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది వేరే ఉంది. ఫ్లోరైట్‌లో క్లోరోఫేన్ అనే ఒక రకం ఉంది. గ్రీకులో ఆ పేరుకు ఆకుపచ్చగా కనిపించేది అని అర్థం. దీనిలో కొన్ని ముక్కలకు ఎండ అక్కర్లేదు, అరచేతి వేడి చాలు. పట్టుకుంటే పచ్చగా వెలుగుతాయి. ఇక్కడ కూడా ఎలక్ట్రాన్లు చూరులో ఇరుక్కున్నవే, కానీ అవి అక్కడికి ఎక్కింది నిన్నటి ఎండ వల్ల కాదు. చుట్టూ ఉన్న రాతిలోని సహజ రేడియోధార్మికత యుగాల తరబడి ఒక్కొక్కటిగా వాటిని ఎక్కిస్తూ వచ్చింది. వేడి తగిలితే అన్నీ ఒక్కసారిగా దిగిపోతాయి. నిమిషాల్లో ఖాతా ఖాళీ. మళ్లీ ఎంత వేడి చేసినా వెలగదు, రేడియేషన్‌తో మళ్లీ నింపితే తప్ప.

ఇలా వేడికి వెలగడాన్ని 1663లోనే రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఒక వజ్రాన్ని పక్కలోకి తీసుకెళ్లి, తన ఒంటి వేడికి అది మసకగా వెలగడం చూసి రాశాడు. పురావస్తు శాఖవాళ్లు కుండపెంకుల వయసు కట్టేదీ ఈ సూత్రంతోనే. కుండను ఆవంలో కాల్చినప్పుడు దాని మట్టిలోని ఖాతా మొత్తం ఖాళీ అవుతుంది, ఆ రోజు నుంచి మళ్లీ నెమ్మదిగా నిండుతుంది. ఇప్పుడు వేడి చేసి ఎంత వెలుగు వచ్చిందో కొలిస్తే ఎన్నాళ్లైందో తెలుస్తుంది.

ఈ రాయి మీద ఆధారపడిన జాతిని ఊహించండి. వాళ్లు తవ్వుకునేది వెలుగును కాదు, వెలుగుగా మారబోయే గతకాలాన్ని. మనం బొగ్గు తవ్వినట్టు. ప్రతి రాయీ ఒక్కసారే వెలుగుతుంది. అటువంటి చోట దొంగతనం అంటే రాయిని ఎత్తుకుపోవడం కానక్కర్లేదు, గుప్పిట్లో కాసేపు పట్టుకున్నా నేరమే. రాళ్లను చల్లటి నీటి మడుగుల్లో దాస్తారు, పొడవాటి పట్టుకారులతో ఎత్తుతారు, పిల్లలు ముట్టకుండా పైన పెడతారు. వెలిగి ఆరిన రాయికీ ఇంకా వెలగని రాయికీ పైకి తేడా తెలియదు. కాబట్టి బజారులో మోసం ఉంటుంది, ఒక మూలను చిటికెడు గీకి వేడి పెనం మీద వేసి పరీక్షించే తూకందారు ఉంటాడు. గని ఎంత లోతుకు వెళ్తోందో పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకు చెప్పరు.

ఇక దేని మీదా ఆధారపడకుండా తనంతట తానే వెలిగే రాయి. అందరి మనసులో ఉండేది ఇదే, అందరూ వెంటనే చెప్పే పేరు యురేనియం. నిజానికి యురేనియం ఖనిజం చీకట్లో కంటికి కనిపించేలా వెలగదు. ఆటునైట్ లాంటివి అతినీలలోహిత దీపం కింద కళ్లు చెదిరేలా ఆకుపచ్చగా మెరుస్తాయి, అది ముందు చెప్పుకున్న ఫ్లోరెసెన్స్. 1896లో హెన్రీ బెకెరెల్ సొరుగులో చుట్టి పెట్టిన ఫొటో ప్లేటు మీద యురేనియం లవణం ఎండ లేకుండానే మచ్చ వేసింది. దాని నుంచి వచ్చేది మామూలు వెలుగు కాదని అలా తెలిసింది.

నిజంగా వెలిగేది రేడియం. 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టారు. కానీ టన్నుల కొద్దీ పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజాన్ని ఉడికించి వడగడితే మేరీ క్యూరీకి దక్కిన రేడియం క్లోరైడ్ గ్రాములో పదో వంతు. 1903లో కొలిచిన లెక్క ప్రకారం గ్రాము రేడియం గంటకు సుమారు 100 క్యాలరీల వేడి ఇస్తుంది. తన బరువు కంటే ఎక్కువ మంచును గంటలో కరిగించగలదు, అదీ వందల ఏళ్ల పాటు ఆగకుండా. వినడానికి అద్భుతమే. వాట్లలో చూస్తే మాత్రం అది వాట్‌లో పదో వంతు పైచిలుకు, అంతే. ఒక్క గదికి సరిపడా వెలుగు కోసం ఒక కొండను పిండి చేయాలి.

మనిషి దానికి ఏం చెల్లించాడో కూడా చరిత్రలో ఉంది. 1917 నుంచి న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో యువతులు గడియారం ముఖాల మీద రేడియం రంగు వేసేవారు. కుంచె మొన సన్నగా ఉండటానికి పెదవులతో తిప్పుకొమ్మని వాళ్లకు నేర్పారు. రేడియం ఎముకల్లో కాల్షియం స్థానంలో చేరింది. దవడలు కుళ్లిపోయాయి, ఎముకలు విరిగాయి. గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు కోర్టుకెక్కితే 1928లో పరిహారంతో కేసు ముగిసింది. ఆ గడియారాలు ఇప్పుడు చూస్తే చీకటిగా ఉంటాయి. రేడియం అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 1600 ఏళ్లు కాబట్టి విషం దాదాపు అంతే ఉంది. ఆ రంగులో కలిపిన, రేడియం దెబ్బలు తిని వెలుగునిచ్చిన జింక్ సల్ఫైడ్ స్ఫటికమే పాడైపోయింది. తనంతట తానే వెలిగే రాయిని మీ కథలో పెడితే, వెలుగు పోయాక విషం మాత్రం మిగిలిన పాత పేటలు కూడా ఆ నగరంలో ఉండాలి.

తిండి సంగతి ఒక్క మాట. వెలుగును కొలిచే లక్స్ లెక్కలో మధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్, నిండు వెన్నెల పావు లక్స్ ఉంటుంది. మెరిసే రాళ్లు వెన్నెల దరిదాపుల్లోనే తిరుగుతాయి, వాటి కింద పంట పండదు. 1986లో రొమేనియాలో బయటపడిన మొవీల్ గుహలో రసాయనాల నుంచి శక్తి తీసుకునే సూక్ష్మజీవుల మీద ఆధారపడి పురుగులు, సాలీళ్లు బతుకుతున్నాయి. మీ జాతి అన్నం అటువైపు నుంచి రావాలి.

ఈ రాళ్లన్నిటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను క్లోరోఫేన్‌నే తీసుకుంటాను. ఆ జాతిలో వట్టి చేతులతో రాయిని ముట్టుకోకూడదు. ఒకే ఒక్క సందర్భంలో తప్ప. ఇంట్లో ఎవరికైనా ఆఖరి ఘడియలు వస్తే, మడుగులో నుంచి ఆ ఇంటి రాయిని పట్టుకారుతో తీసి, తుడిచి, ఆ మనిషి అరచేతిలో పెట్టి వేళ్లు మూస్తారు. వేళ్ల సందుల్లోంచి ఆకుపచ్చ వెలుగు వస్తుంది. గదిలో ఇంకే దీపమూ ఉండదు. ఎవరూ నాడి పట్టి చూడరు. అందరూ ఆ గుప్పిటనే చూస్తూ కూర్చుంటారు.